కుందేలు పీట మీద బిల్బీ

అక్షరాలు నేర్పే గోడపటాల్లో జంతువులకు బదిలీలు ఉండవు. ఆలంగాయం బజారులో తమిళ పటం కొన్నా, సరిహద్దు దాటి కుప్పంలో తెలుగు పటం కొన్నా అదే ఏనుగు, అదే ఒంటె, అదే జిరాఫీ. జూకి వెళ్ళొచ్చిన వాళ్ళు తప్ప ఈ ప్రాంతంలో జిరాఫీని చూసిన పిల్లలు ఉండరు. అయినా దాని మెడ ఎంత పొడుగో అయిదేళ్ళ పిల్ల చెయ్యి పైకెత్తి చూపిస్తుంది. అలుగు ఎలా ఉంటుందని అదే పిల్లను అడిగితే తెల్లమొహం వేస్తుంది. తూర్పు కనుమల్లో, ఈ జవ్వాదు కొండల్లాంటి చోట్ల, చీమల గూళ్ళూ చెదల పుట్టలూ తవ్వుకుని బతికే ప్రాణి అది. ఒళ్ళంతా పొలుసులు, పళ్ళు లేని నోరు, బారెడు తోక. కొండ మీద కావలూరులో వేణు బాపు పేరున్న పెద్ద దూరదర్శిని 1986 నుంచి ఆకాశాన్ని చూస్తోంది కాబట్టి, ఇక్కడి బడిపిల్లలు శని గ్రహం వలయాల గురించి నాలుగు మాటలు చెప్పగలరు. ఆ కొండ కింద పుట్ట దగ్గరికి రాత్రిపూట ఎవరొస్తారో చూపించే బొమ్మ మాత్రం వాళ్ళ చేతికి అంత తేలిగ్గా రాదు.

కాస్త చేతిలో డబ్బాడే ఇళ్ళలోకి రంగురంగుల ఇంగ్లిష్ బొమ్మల పుస్తకాలు వచ్చాయి. అంతరించిపోతున్న జంతువులనే మాట పిల్లల చెవిన మొదట అక్కడే పడుతుంది. వాటిలో పాండా ఉంటుంది, ధ్రువపు ఎలుగు ఉంటుంది, నీలి తిమింగలం ఉంటుంది. చివరి పేజీలో కరిగిపోతున్న మంచుపలక మీద ఎలుగు ఒక్కటే నిలబడి ఉంటుంది. నాకు ఆ చివరి పేజీ అంటేనే చిరాకు. వాణియంబాడి ఎండలో కూర్చున్న నాలుగేళ్ళ పిల్లకు ఆ దుఃఖాన్ని అప్పజెప్పి ఏం చెయ్యమంటాం? ఆ పిల్ల చెయ్యగలిగింది ఒక్కటే, పేజీ తిప్పెయ్యడం.

దూరదేశపు జంతువు పిల్లల మనసులో నాటుకోదని నేననడం లేదు. మా తరం తెలుగు పిల్లలకు ఎలుగుబంటి అంటే ముందు రష్యా ఎలుగుబంటే. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు మాస్కోలో అచ్చేసిన పుస్తకాలు విశాలాంధ్ర అంగళ్ళలో చవగ్గా దొరికేవి. ఉప్పల లక్ష్మణరావు వంటివాళ్ళు అక్కడే ఉండి వాటిని తెలుగు చేశారు. ఆ బొమ్మల్లో మంచు, బిర్చి చెట్లు, సమోవారు అన్నీ మాకు సొంతమైపోయాయి. పుస్తకం బాగుంటే జంతువు ఎక్కడిదైనా ఇంట్లోకి వస్తుంది. వచ్చాక దానికి ఇంట్లో కూర్చోడానికి చోటుందా అన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నకు ఆస్ట్రేలియా వాళ్ళు కనుక్కున్న జవాబు మనం తీరిగ్గా చూడదగ్గది.

బిల్బీ అని ఒక చిన్న జంతువు. కుందేలు చెవులు, ఎలుక మూతి, బూడిదరంగు పట్టులాంటి బొచ్చు, నలుపూ తెలుపూ తోక. ఎడారి నేలలో మెలికలు తిరిగే బొరియ తవ్వుకుని రెండు మీటర్ల లోతులో పగలంతా పడుకుంటుంది. రాత్రి బయటికొచ్చి పురుగులు, గింజలు, దుంపలు తింటుంది. నీళ్ళు తాగకపోయినా తిండిలో ఉన్న తడితోనే బతికేస్తుంది. కంగారూలాగే పిల్లను సంచిలో పెంచుతుంది, కానీ సంచి నోరు వెనకవైపు ఉంటుంది. తవ్వేటప్పుడు మట్టి పిల్ల మీద పడకుండా. ఈ ఒక్క వివరం చాలు, ఏ దేశపు పిల్లయినా మళ్ళీ చెప్పమంటుంది.

ఒకప్పుడు ఆస్ట్రేలియా ఖండంలో దాదాపు 70 శాతం నేల మీద బిల్బీలు తిరిగేవి. 1859లో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేట సరదా కోసం ఇంగ్లండు నుంచి తెప్పించిన 24 కుందేళ్ళను విక్టోరియాలోని తన ఎస్టేటులో వదిలాడు. కొన్ని దశాబ్దాల్లో అవి ఖండమంతా పాకాయి. బిల్బీలు తినే తిండిని అవి తిన్నాయి. వాటి వెంట నక్కలు, అడవి పట్టిన పిల్లులు పెరిగాయి. ఆ నక్కలు, పిల్లులు కూడా బయటి నుంచి తెచ్చినవే. కుందేళ్ళతోపాటు బిల్బీలనూ అవి తిన్నాయి. బిల్బీల్లో రెండు జాతులుండేవి. చిన్న బిల్బీ 1950ల నాటికి లేకుండా పోయింది. మిగిలిన పెద్దది మధ్య, పశ్చిమ ఎడారుల్లోనూ క్వీన్స్‌లాండ్‌లో ఒక మూలా తలదాచుకుంది.

ఇదంతా జరుగుతుండగానే ఆ దేశపు పిల్లలు ప్రతి ఈస్టరుకీ చాక్లెట్ కుందేళ్ళు తింటున్నారు. వలస వచ్చినవాళ్ళతోపాటు, పిల్లలకు గుడ్లు తెచ్చే ఈస్టర్ కుందేలు కూడా వచ్చింది. ఊళ్ళో పంటలు నాశనం చేసి, సొంత నేల జంతువుల నోటి దగ్గర కూడు తీసిన ప్రాణి పండగనాడు పీటేసుకుని కూర్చుంది. పెద్దవాళ్ళకు ఇందులో వింత కనపడలేదు. 1968 మార్చిలో క్వీన్స్‌లాండ్‌లో రోజ్-మేరీ డస్టింగ్ అనే తొమ్మిదేళ్ళ పిల్ల నాలుగు పేజీల కథ రాసింది. అందులో ఈస్టరు పని బిల్బీది. పదకొండేళ్ళ తర్వాత, 1979లో, 'బిల్లీ ద ఆసీ ఈస్టర్ బిల్బీ' పేరుతో దాన్ని పుస్తకంగా వేసింది.

కుందేళ్ళ బెడద వదిలించుకోవాలని పనిచేసే ఒక సంస్థ 1991లో ఇదే ఆలోచనను పట్టుకుంది. ఈస్టరుకు కుందేలు బదులు బిల్బీ అని ప్రచారం మొదలుపెట్టింది. 1993లో హేగ్స్ అనే అడిలెయిడ్ చాక్లెట్ కంపెనీ బిల్బీ చాక్లెట్లు పోసింది, కుందేలు చాక్లెట్లు మానేసింది. మరుసటి ఏడు అలీ గార్నెట్, కే కెసింగ్ కలిసి 'ఈస్టర్ బిల్బీ' బొమ్మల పుస్తకం తెచ్చారు. 1999లో ఫ్రాంక్ మాంథీ, పీటర్ మెక్‌రే అనే ఇద్దరు బిల్బీల కోసం ఒక నిధి పెట్టారు. మాంథీ ఒకప్పుడు కంగారూలను కాల్చే వేటగాడు, తర్వాత అడవి ఉద్యోగంలో చేరినవాడు. మెక్‌రే జంతుశాస్త్రవేత్త. జనం దగ్గర చందాలు పోగుచేసి కరావిన్యా జాతీయ పార్కులో ఆరు వేల ఎకరాలకు పైగా నేల చుట్టూ నక్కలు, పిల్లులు దూరలేని కంచె కట్టించారు. సెప్టెంబరు రెండో ఆదివారం ఇప్పుడు జాతీయ బిల్బీ దినం.

ఈ వరసను ఎవరు చెప్పినా అందమైన గొలుసులాగే వినపడుతుంది: పిల్ల కథ, పుస్తకం, చాక్లెట్, చందా, కంచె. అంత సజావుగా ఏమీ నడవలేదు. వరదలొచ్చి కరావిన్యా కంచె దెబ్బతింది, పిల్లులు లోపలికి దూరాయి, లోపలున్న బిల్బీలు పోయాయి. కంచె మళ్ళీ బాగుచేసి 2019లో కొత్తగా బిల్బీలను వదలాల్సి వచ్చింది. చాక్లెట్ కొన్న ప్రతి పిల్లా కంచెకు చందా ఇచ్చినట్టు కాదు. ఇంకో సంగతి, బిల్బీ గురించి ఆస్ట్రేలియాకు ఎవరో కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. మధ్య ఎడారుల ఆదివాసులకు అది 'నిను'. దాని అడుగుజాడ, బొరియ, కథ వాళ్ళకు వేల ఏళ్ళుగా తెలుసు. తెలియనిది పట్నాల్లో ఉన్న తెల్లవాళ్ళ పిల్లలకే.

ఇన్ని లోపాలున్నా ఒక పని మాత్రం జరిగింది. పట్నాల్లో ఎవరూ పేరు వినని జంతువు చాలా ఇళ్ళలో ఏడాదికోసారి నోట పలికే మాట అయింది. దానికి కారణం పుస్తకం బాగుండటం ఒక్కటే కాదు. ఆ పుస్తకం కొత్త పండగ పుట్టించలేదు, కొత్త నీతి చెప్పలేదు. ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న ఒక పీట చూసుకుని, దాని మీద కూర్చున్నవాణ్ణి లేపి, దీన్ని కూర్చోబెట్టింది. ఇక ఏటేటా ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు, పంచాంగమే గుర్తు చేస్తుంది. బిల్బీ చచ్చిపోతోంది ఏడవమని పిల్లలకు చెప్పలేదు. ఈ ఏడు గుడ్లు తెచ్చేది బిల్బీ అని చెప్పింది. జంతువుకు ఇంట్లో ఒక పని ఇచ్చింది. మనం చూడాల్సింది అక్కడ.

మన ఇళ్ళలో అటువంటి పీటలు కొన్ని ఇదివరకే ఉన్నాయి. దేవుళ్ళ వాహనాలే చూడండి. నెమలి సుబ్రహ్మణ్యస్వామి వాహనం కావడంతో దాన్ని ఎవరూ రాయి పెట్టి కొట్టరు. వళ్ళిమల కొండకు కావడి ఎత్తుకునే ఇంటి పిల్లకు నెమలి ఈకంటే భక్తి. చట్టం దాన్ని కాపాడటం 1972 నుంచి, కథ కాపాడటం అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందు నుంచి. ఇప్పుడు నెమళ్ళు వేరుశనగ చేలు తొక్కేస్తున్నాయని రైతులు గోల పెడుతున్నారు, ఆ బాధ అబద్ధం కాదు. అలుగు ఏ దేవుడికీ వాహనం కాలేదు. దేవాంగపిల్లికి వచ్చిన పేరు మరీ అన్యాయం. అంతంత కళ్ళున్న పాపానికి దాని చుట్టూ మంత్రాలూ చేతబడులూ అల్లుకున్నాయి. 2022లో తమిళనాడు ప్రభుత్వం కరూరు, దిండుక్కల్లు జిల్లాల్లో 11,806 హెక్టార్ల కడవూరు అడవిని దానికోసం అభయారణ్యంగా ప్రకటించింది. దేశంలో దేవాంగపిల్లికంటూ ఏర్పడ్డ మొదటి అభయారణ్యం అది. అడవికి హద్దులు గీశారు. పిల్లల కథల్లో దాని పాత్ర మార్చడం వేరే పని.

ఈస్టరుకు దీటుగా నాకు కనపడేది బొమ్మల కొలువు. ఆంధ్రలో చాలా చోట్ల సంక్రాంతికి పెడతారు. వేలూరు, గుడియాత్తం, ఆలంగాయం వైపు తెలుగిళ్ళలో తమిళ వాళ్ళతోపాటు దసరా తొమ్మిది రోజులూ పెడతారు. పై మెట్ల మీద దేవుళ్ళు, మధ్యలో పెళ్ళిబృందాలు, అంగడి పెట్టుకున్న చెట్టియారు, ఆయన భార్య, కింద మెట్ల మీద జంతువులు, పక్షులు. మెట్ల ముందు నేల మీద మాత్రం పిల్లల రాజ్యం. మట్టి పోసి, ఆవాలో మెంతులో చల్లి మొలకలెత్తిస్తారు. అద్దం ముక్కతో చెరువు చేసి, దాని చుట్టూ అడవో జూయో కడతారు. అక్కడ ప్లాస్టిక్ జిరాఫీ, ప్లాస్టిక్ సింహం, ఈమధ్య డైనోసారు కూడా. ఇంటికి పేరంటానికి వచ్చిన ప్రతి ఒక్కరూ కాసేపు వంగి చూసేది అక్కడే. "ఇదేందబ్బా, ఈ బల్లి?" అని ఒక అవ్వ అడుగుతుంది. "బల్లి కాదవ్వా, డైనోసారు," అని మనవడు గర్వంగా చెబుతాడు. ఆ చోట అలుగు బొమ్మ పెట్టి ఉంటే ఆ అవ్వే ఇంకో నాలుగు మాటలు చెప్పేది. ఆ వయసువాళ్ళు కొందరు చిన్నప్పుడు దాన్ని చూసినవాళ్ళే.

ఏడాదికి తొమ్మిది రోజులు, ఇంటికొచ్చే వాళ్ళందరి కళ్ళ ముందు, చెప్పే బాధ్యత పిల్లలదే. ఇంత మంచి పీట ఈస్టరులో కూడా లేదు.

ఈ పాఠానికి మన వైపునే ఇంకో సగం ఉంది. కడప జిల్లాలో కలివికోడి అనే పక్షి కథ చాలామంది తెలుగువాళ్ళు వినే ఉంటారు. నెల్లూరులో సర్జనుగా పనిచేసిన థామస్ జెర్డాన్ 1848లో దాని సంగతి లోకానికి చెప్పాడు. ఆయనకు బొమ్మల పుస్తకాల విలువ తెలుసు. అంతకు ముందే మన దేశపు చిత్రకారుల చేత 50 పక్షుల బొమ్మలు వేయించి మద్రాసులో పుస్తకం తెచ్చినవాడు. 1900 తర్వాత కలివికోడి ఎవరికీ కనపడలేదు, పోయిందనే అనుకున్నారు. 1980ల నడిమిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే పక్షిశాస్త్రవేత్త దాన్ని వెతకడానికి వచ్చాడు. ఆ పక్షి బొమ్మలు పట్టుకుని పల్లెల్లో వేటగాళ్ళను, పశువుల కాపరులను అడుగుతూ తిరిగాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే వేటగాడు రాత్రిపూట ఒక పక్షిని పట్టి ఇంటికి తెచ్చాడు. కలివికోడే. పాపం, అది ఎక్కువ కాలం బతకలేదు. 1988లో ఆ పొదల అడవి శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం అయింది. అదే ఏడు కలివికోడి తపాలా బిళ్ళ మీదకెక్కింది. తర్వాత తెలుగుగంగ కాలవ కూడా దాని నేలను తప్పించుకుని దారి మార్చుకుంది.

ఇందులో బొమ్మ చేసిన పని గమనించండి. చదువుకున్నవాడు బొమ్మ పట్టుకుని చదువు లేనివాడి దగ్గరికి వెళ్ళింది నేర్పడానికి కాదు, అడగడానికి. "దీన్ని చూశావా?" అని. ఆ తర్వాతి ఏళ్ళలోనూ పరిశోధకులు కలివికోడి బొమ్మలు, దాని కూత వినిపించే చిన్న పరికరాలు పల్లెవాళ్ళకు పంచారు. అదే ప్రశ్న, ఈసారి చెవికి. మనం పిల్లలకు ఇచ్చే జంతువుల పుస్తకాలు దాదాపు అన్నీ చెప్పేవే. పేరు చెబుతాయి, బరువు చెబుతాయి, ఎన్ని మిగిలాయో చెబుతాయి. పిల్లను ఒక్క ప్రశ్నా అడగవు. మీ ఊరి వెనక ఏముందో తెలిసింది నీకే కదా, చెప్పు అనవు. జవ్వాదు కొండల మీద మలయాళి గిరిజనుల పల్లెల నుంచి కిందికి చదువుకోడానికి వచ్చే పిల్లలు తరగతిలో వెనక బెంచీలో కూర్చుంటారు. అలుగు పొక్క ఏదో, ముళ్ళపంది పొక్క ఏదో వాళ్ళకు తెలుసు, చెప్పమంటే ముందు బెంచీ పిల్లలకు నోరు పెగలదు.

చెన్నై తూలిక ప్రచురణల వాళ్ళు వేసిన ఒక పుస్తకం ఈ సంగతిని సూటిగా పట్టుకుంది. జై విటేకర్ రాసి శ్రీవిద్యా నటరాజన్ బొమ్మలు వేసిన 'కాలీ అండ్ ద ర్యాట్ స్నేక్'. కాలీ ఇరుళర్ తెగ పిల్లవాడు. నాన్న పాములు పడతాడు. బడిలో ఆ మాట చెప్పడానికి పిల్లవాడికి సిగ్గు. ఒకరోజు తరగతిలోకి జెర్రిపోతు వస్తుంది. మాస్టారితో సహా అందరూ హడలిపోతే దాన్ని పట్టేది కాలీయే. ఈ కథకు వెనక నిజమైన చరిత్ర ఉంది. 1972 వన్యప్రాణి చట్టంతో పాము చర్మాల వ్యాపారం మూతపడి ఇరుళర్ల బతుకుతెరువు పోయింది. 1978లో వాళ్ళు సహకార సంఘం పెట్టుకున్నారు. పాములను పట్టి, విషం తీసి, తిరిగి వదిలేస్తారు. ఆ విషంతోనే మన ఆసుపత్రుల్లో పాముకాటు మందు తయారవుతుంది. పుస్తకం ఈ లెక్కలేవీ చెప్పదు. సిగ్గుపడే పిల్లవాణ్ణి మాత్రం చూపిస్తుంది. ఆ పని చేసినందుకే నాకు ఆ పుస్తకం మీద గౌరవం.

ఇక్కడి దాకా బిల్బీ పాఠం మనకు సరిపోతుంది. గుడియాత్తం దగ్గరకొచ్చేసరికి సరిపోదు, ఎందుకంటే అక్కడి జంతువు ఏనుగు.

పలమనేరు, కుప్పం అడవుల్లో కౌండిన్య అభయారణ్యం ఉంది. 1990లో ఏర్పడింది, సుమారు 357 చదరపు కిలోమీటర్లు. ఆ అడవిలో పుట్టిన కౌండిన్య నది గుడియాత్తం మీదుగా పోయి పాలారులో కలుస్తుంది. నది దారినే ఏనుగులు కూడా సరిహద్దు దాటి పేర్ణాంబట్టు, గుడియాత్తం చేలల్లోకి దిగుతాయి. అరటి తోట ఒక్క రాత్రిలో నేలమట్టం అవుతుంది. తీగలకు పెట్టిన కరెంటు తగిలి ఏనుగులు చచ్చాయి, ఏనుగుల కాళ్ళ కింద మనుషులూ పోయారు. ఇటువైపు జవ్వాదు కొండలకూ ఏనుగులు వచ్చాయి. 2013లో తిరువణ్ణామలై జిల్లా పొలాల్లో తిరుగుతున్న ఆరింటిని అటవీశాఖ పట్టి దూరంగా తరలించాల్సి వచ్చింది.

మనం తరచూ మరిచిపోయే సంగతి ఒకటుంది. ఈ ప్రాంతంలో ఏనుగు పాత కాపు కాదు. తరతరాల పాటు చిత్తూరు అడవుల్లో ఏనుగే లేదు. 1980ల్లో హోసూరు, కర్ణాటక వైపు నుంచి మందలు వచ్చాయి. అందుకే ఇక్కడి అవ్వలకు వినాయకుడి కథలు వచ్చుగానీ ఏనుగుతో పక్కపక్కన బతకడం ఎవరూ నేర్పలేదు. అడవి ఏనుగు గురించి ఇంట్లో పెద్దలు చెప్పే జ్ఞానం అస్సాంలోనో వయనాడులోనో ఉన్నట్టు ఇక్కడ లేదు. పిల్లలకే కాదు, పెద్దలకూ ఇది కొత్త జంతువే. ఈ ఖాళీలోకి వచ్చే పుస్తకం ఏం చెప్పాలి? తొండం ఎత్తి నవ్వే నీలం రంగు ఏనుగు పిల్ల బొమ్మ చూపిస్తే, నాన్న రాత్రంతా మంచె మీద టపాకాయలు పట్టుకుని కూర్చునే ఇంటి పిల్ల ఆ పుస్తకాన్ని నమ్మదు. నమ్మకపోవడమే న్యాయం.

బిల్బీ ఎవరి పంటా తినలేదు కాబట్టి దాన్ని పండగ పీట మీద కూర్చోబెట్టడం తేలికైంది. ఏనుగుకు పీట ఇదివరకే ఉంది, వినాయక చవితినాడు అందరం మొక్కుతాం. ఆ మొక్కు వల్ల అరటి తోట మిగల్లేదు, ఏనుగూ మిగల్లేదు. ఇక్కడ పిల్లలకు కావలసింది సమాచారం. మందను నడిపేది పెద్ద ఆడ ఏనుగని, వయసొచ్చిన మగవి మంద విడిచిపోతాయని, చేల మీద పడేవి ఎక్కువగా అవేనని. దానికి చూపు మందమని, వాసన మాత్రం బాగా పసిగడుతుందని. రోజుకు 150 కిలోల దాకా మేత కావాలని. కనపడితే సెల్‌ఫోను తియ్యకుండా ఏ వైపు పరిగెత్తాలో. ఆ పుస్తకంలో కోపంగా ఉన్న నాన్న కూడా ఉండాలి, ఆయన్ని చెడ్డవాణ్ణి చెయ్యకుండా. 2025 మే నెలలో కర్ణాటక నాలుగు కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం పెట్టారు. అడవి ఏనుగును ఊరి వైపు రాకుండా మళ్ళించే ఏనుగు, దాని మెడ మీద కూర్చున్న మావటి. బొమ్మల పుస్తకానికి ఇంతకన్నా ముడిసరుకు ఏం కావాలి? ఎవరైనా చిత్రకారుడు ఆ శిబిరంలో ఒక నెల ఉండి వస్తే చాలు.

భాష సంగతి చెప్పకుండా ఈ విషయం తేలదు. తమిళనాడులో 2006 చట్టం తర్వాత ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. ఆలంగాయం, గుడియాత్తం తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చాలామందికి తెలుగు అక్షరం రాదు. అవ్వకు తెలుగు చదవడం వస్తే తమిళం రాదు, మనవరాలికి తమిళం వస్తే తెలుగు రాదు. ఇద్దరూ ఒకే పుస్తకం ముందు కూర్చోవాలంటే ఒకే పేజీ మీద రెండు లిపులూ ఉండాలి. తూలిక వాళ్ళు రెండు భాషల పుస్తకాలు ఎప్పటినుంచో వేస్తున్నారు, ఎక్కువగా ఇంగ్లిష్ పక్కన మరో భాష. తమిళం పక్కన తెలుగు వెయ్యడం పెద్ద ప్రచురణకర్తలకు గిట్టుబాటు కాదు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో ఉన్న కథలకు మాత్రం ఆ అడ్డం లేదు. ఎవరైనా అనువదించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, రెండు భాషలు కలిపి పెట్టుకోవచ్చు. రాసినవాళ్ళ, బొమ్మలు వేసినవాళ్ళ పేర్లు చెబితే చాలు. వాణియంబాడిలో ఏ చిన్న ప్రెస్సులోనైనా 16 పేజీల పుస్తకం కొన్ని వందల ప్రతులు వేయించడం ఒక పెళ్ళి శుభలేఖల ఖర్చుకు మించదు.

అలుగు పుస్తకమైతే నేను ఎలా కోరుకుంటానో చెప్పేస్తాను. మొదటి పేజీలో పుట్ట, రాత్రి. రెండో పేజీలో తల్లి తోక మీద కూర్చుని వచ్చే పిల్ల. అలుగు పిల్ల నిజంగానే అలా ప్రయాణం చేస్తుంది. ఒక్కో కాన్పులో ఒక్కటే పుడుతుంది. కుక్కలు రాగానే తల్లి పిల్లను పొట్ట కింద దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది. చిరుత పళ్ళు కూడా దిగని ఆ బంతిని మనిషి మాత్రం చేత్తో ఎత్తి గోతంలో వేసుకుని పోగలడు. ఆ పొలుసులు మన గోళ్ళలాంటి పదార్థమే, వాటిలో ఏ మందూ లేదు. అయినా ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా దొంగ రవాణా అయ్యే క్షీరదాల్లో ఇది ముందు వరసలో ఉంది. ఇదంతా పిల్లకు చెప్పనక్కర్లేదు. గోతం బొమ్మ ఒకటి వేసి, ఎవరూ లేని పేజీ ఒకటి ఉంచి, ఆ తర్వాత పేజీలో మళ్ళీ పుట్ట చూపిస్తే చాలు. చివరి రెండు పేజీలు ఖాళీగా వదలాలి. మీ ఊళ్ళో దీన్ని ఎవరు చూశారు, ఎక్కడ, ఎప్పుడు అని మూడు ప్రశ్నలు, రాసుకోడానికి గీతలు. పిల్ల ఆ గీతలు నింపాలంటే తాత దగ్గరికో, కొండ మీది నుంచి వచ్చే స్నేహితురాలి దగ్గరికో వెళ్ళక తప్పదు. ఒక్క జాగ్రత్త, ఆ పేజీలో పొక్క ఉన్న చోటు గుర్తులు రాయించకూడదు. గోతం పట్టుకు తిరిగేవాళ్ళూ చదవగలరు.

పుస్తకంతోపాటు బొమ్మ కూడా ఉండాలి, లేకపోతే కొలువులో చోటు దొరకదు. కాంచీపురంలో బొమ్మకార వీధి అనే ఒక వీధే ఉంది, అక్కడ కొలువు బొమ్మలు ఇళ్ళలోనే పోస్తారు. పండ్రుట్టిలో మట్టి బొమ్మలు చేస్తారు. అలుగును గుండ్రంగా చుట్టుకున్నట్టు పోస్తే అచ్చు సులువు, విరిగే భాగాలు ఉండవు, పొలుసులు గోరుతో నొక్కినా పడతాయి. వాళ్ళు కొత్త అచ్చు చెయ్యడానికి ఒప్పుకోవాలంటే కనీసం కొన్ని వందల బొమ్మలకు మాట ఇవ్వాలి. దసరాకు సరుకు అంగళ్ళకు చేరాలంటే ఆ మాట ఆడి మాసం కన్నా ముందే, వానలు పడి ఆరబెట్టడం కష్టమయ్యేలోపే ఇవ్వాలి.